డీపీపీహెచ్‌లో బ్రహ్మాండం, ఎంటీటీలో మాత్రం తేడా!

పచ్చాకు: ప్రాజెక్టు కోసం ఒక ఆకు నుంచి మిథనాల్ సారం తీశాను. యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలిచే డీపీపీహెచ్ పరీక్షలో ఊదా రంగు చూస్తుండగానే పసుపుకు తిరిగింది. ఐసీ50 (సగం ప్రభావానికి కావలసిన మోతాదు) విటమిన్ సి దరిదాపుల్లో ఉంది. అదే సారంతో ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద, ఎన్ని కణాలు బతికున్నాయో చూపే ఎంటీటీ పరీక్ష చేస్తే, డోసు పెంచేకొద్దీ కణాలు ఇంకా ఎక్కువ బతికున్నట్టు వస్తోంది! ఎవరికైనా ఇలా జరిగిందా?

పెట్రిడిష్: మా ల్యాబ్‌లోనూ జరిగిందండి. ముందు సారాన్నే అనుమానించండి. బతికున్న కణాలు పసుపు ఎంటీటీని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, దాన్నే మనం 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. పాలీఫినాల్స్ (మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్ పదార్థాలు) దండిగా ఉన్న సారం కణాల అవసరం లేకుండానే ఆ పని చేసేస్తుంది. ప్లేటులోని కొన్ని వెల్స్‌లో (చిన్న గుంటల్లో) కణాలు లేకుండా మీడియం (కణాలను పెంచే ద్రవం), సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. మా ప్లేటులో అవి కూడా ముదురు ఊదాకు తిరిగాయి. ఎంటీటీ వేసే ముందు సారం ఉన్న మీడియం తీసేసి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడిగాక అంకెలు దారికొచ్చాయి. సల్ఫోరోడమిన్ బితో కూడా సరిచూసుకుంటే మంచిది. అది కణాల ప్రోటీన్‌కు అంటుకునే రంగు కాబట్టి ఈ గొడవ ఉండదు.

పచ్చాకు: చాలా థాంక్సండి, రేపే ఆ కంట్రోల్ పెడతాను. కానీ యాంటీఆక్సిడెంట్ గుణం ఇంత బాగుంటే క్యాన్సర్ మీద కూడా పనిచేయాలి కదా?

వేరుమూలం: ఆ రెండింటికీ ముడిపెట్టకండి. బిళ్ళగన్నేరులోని విన్‌క్రిస్టిన్, పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందులు రెండూ కణవిభజనకు కావలసిన మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలను పట్టుకుంటాయి. యాంటీఆక్సిడెంట్లలా ఫ్రీ రాడికల్స్‌ను (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను) అణచడం వాటి పని కాదు. పైగా ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లతో చేసిన ట్రయల్‌లో, బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. 1994లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు అందరూ నివ్వెరపోయారు.

పెట్రిడిష్: మామూలు కణాల మీద కూడా తప్పకుండా చేయండి. అవి కూడా అదే డోసులో చచ్చిపోతుంటే దాన్ని యాంటీక్యాన్సర్ అనలేం, విషం అనాలి.

కొత్తసభ్యురాలు: మా పిన్నికి కీమో నడుస్తోంది. ఇలాంటి మూలికల క్యాప్సూల్స్ ఇవ్వొచ్చా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

వేరుమూలం: డాక్టర్‌కు చెప్పకుండా వద్దమ్మా. కొన్ని సారాలు కాలేయంలో మందులను విడగొట్టే ఎంజైముల వేగాన్ని మార్చేస్తాయి. సెయింట్ జాన్స్ వర్ట్ వాడినవారిలో ఇరినోటెకాన్ అనే కీమో మందు చురుకైన రూపం రక్తంలో బాగా తగ్గిపోయింది. క్యాప్సూల్స్ సీసానే తీసుకెళ్లి చూపించండి, లేబుల్ మీద ఉన్నదంతా వాళ్లు చదవాలి.

కొత్తసభ్యురాలు: సరేనండి. వచ్చే కీమోకి వెళ్లినప్పుడు సీసా పట్టుకెళ్తాను, అప్పటిదాకా ఇవ్వం.