నాకౌట్‌లో ప్రతి మ్యాచూ వెనకబడి గెలిచారు, ఇంగ్లండ్ అమ్మాయిలది లక్కేనా?

మారతహళ్ళి_నాన్న:
అందరికీ నమస్తే. మాది గుంటూరు, బెంగళూరు వచ్చి చాలా ఏళ్ళయింది, మారతహళ్ళిలో ఉంటాం. మా పాప ఏడో క్లాసు, ఇక్కడే ఒక అకాడమీలో ఫుట్‌బాల్ ఆడుతుంది. నాకు క్రికెట్ తప్ప ఏదీ తెలీదు, పాప వల్లే ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టా. 2025లో స్విట్జర్లాండ్‌లో జరిగిన విమెన్స్ యూరో (యూరప్ దేశాల అమ్మాయిల ఫుట్‌బాల్ కప్పు) ఉంది కదా, అప్పుడు రాత్రి పన్నెండున్నరకి మొదలయ్యేవి నాకౌట్ మ్యాచులు, పొద్దున్నే స్కూలు బస్సు కాబట్టి ఫైనల్ ఒక్కటే చూడనిచ్చాం, అది తొమ్మిదిన్నరకే కాబట్టి. ఇప్పుడు సెలవుల్లో మిగతావన్నీ క్వార్టర్స్ నుంచి వరసగా చూస్తున్నాం ఇద్దరం.

నా డౌట్ ఏంటంటే, ఇంగ్లండ్ క్వార్టర్స్‌లో స్వీడన్ మీద 0-2, సెమీస్‌లో ఇటలీ మీద 0-1, ఫైనల్లో స్పెయిన్ మీద 0-1. మూడుసార్లూ వెనకబడ్డారు, మూడుసార్లూ గెలిచారు, కప్పు కూడా పట్టుకెళ్ళారు. మా ఆఫీసులో ఫుట్‌బాల్ బాగా ఫాలో అయ్యే ఒకతను "అదంతా లక్ గురూ" అని ఒక్క మాటతో తేల్చేశాడు. పాపకి అది చెప్తే మొహం మాడ్చుకుంది. ఎందుకంటే తను టీమ్‌లో ఎక్కువగా బెంచ్ మీదే ఉంటుంది, ఆఖర్లో దింపుతారు, అందుకే ఆఖర్లో వచ్చి మ్యాచ్ తిప్పేసే ఇంగ్లండ్ ప్లేయర్ క్లోయీ కెల్లీ అంటే ప్రాణం. వచ్చేవారం వాళ్ళకి లోకల్ టోర్నీలో నాకౌట్ మొదలవుతుంది, "నాకౌట్‌లో సార్ నన్ను దింపుతారా నాన్నా" అని రోజూ అడుగుతోంది. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, నిజంగా లక్కేనా, లేక నేను చూడలేకపోతున్నది ఏమైనా ఉందా?

లెఫ్ట్‌బ్యాక్_హలసూరు:
అన్నా, ముందు పాపకి నా తరఫున హాయ్ చెప్పు. మాది వరంగల్, హలసూరుల ఉంటా, పక్కనే గౌతంపుర, పెలె విగ్రహం పెట్టుకున్న గల్లీ, అక్కడి పిల్లలతోని ఆదివారం ఆడుతుంటా, కాబట్టి ఈ సంగతి మీద కొంచెం పొడుగ్గనే చెప్త.

లక్ అసలే లేదని నేను అనను. కానీ స్వీడన్ మ్యాచ్ మళ్ళొక్కసారి పెట్టి 70వ నిమిషం నుంచి చూడు. అప్పటిదాకా స్వీడన్‌దే ఆట, అస్లానీ రెండో నిమిషంలనే కొట్టింది, బ్లాక్‌స్టేనియస్ 25వ నిమిషంల కొట్టింది, ఇంగ్లండ్ డిఫెన్స్ వెనక ఖాళీ అంత వాళ్ళు వాడుకున్నరు. ఇంగ్లండ్ కోచ్ సరీనా వీగ్మన్ 70 దగ్గర బెంచ్ నుంచి అజిమాంగ్, మీడ్ ఇద్దర్ని దింపింది, ఇంకొంచెం సేపటికి కెల్లీని దింపింది. కెల్లీ గ్రౌండ్‌లకు వచ్చుడు వచ్చుడే క్రాస్ (సైడు నుంచి గోల్ ముందుకు ఏసే బాల్) ఏసింది, అవతలి పోస్ట్ దగ్గర లూసీ బ్రాంజ్ హెడర్, 79. మళ్ళ కెల్లీ క్రాసే, అది అజిమాంగ్ దాకా వచ్చింది, 81. రెండు నిమిషాలల్ల రెండు గోల్స్, రెండిట్ల కెల్లీ ఉంది, ఒకటి బెంచ్ నుంచి వచ్చిన అమ్మాయే కొట్టింది. గంటకు పైగా పరుగెత్తి అలిసిపోయిన డిఫెండర్ల మీదికి ఫ్రెష్ కాళ్ళు, అదీ క్రాస్ ఎయ్యగలిగే కాళ్ళు, ఎప్పుడు పంపాల్నో తెలిసిన కోచ్. దీన్ని లక్ అంటె ఎట్ల?

ఇటలీ మ్యాచ్ కూడ అంతే. బొనాన్సెయా 33ల కొట్టినంక ఇటలీ గోడ కట్టినట్టు నిలబడ్డది. అజిమాంగ్ 85ల వచ్చింది, ఇంజురీ టైమ్ (90 అయినంక కలిపే టైమ్) ఆరో నిమిషంల గోల్ కొట్టి 1-1 చేసింది. అప్పటికి ఆ పిల్లకు 19 ఏండ్లు, నాలుగేండ్ల కింద వెంబ్లీల ఇంగ్లండ్ మ్యాచ్‌కు బాల్ గర్ల్‌గ బయట నిలబడ్డ పిల్ల! సమం అయితె ఇంకో 30 నిమిషాలు ఆడించే ఎక్స్‌ట్రా టైమ్‌ల, 119ల పెనాల్టీ వస్తె కెల్లీ కొట్టింది, ఇటలీ కీపర్ జులియాని ఆపింది, తిరిగొచ్చిన బాల్ కెల్లీనే లోపలేసింది. ఫైనల్ల లారెన్ జేమ్స్‌కు దెబ్బ తగిలి 41లనే కెల్లీని దింపాల్సొచ్చింది, 57ల కెల్లీ క్రాస్‌కే రస్సో హెడర్, 1-1. అట్లనే సమం ఉండి పెనాల్టీలతోని తేలింది, ఆఖరి పెనాల్టీ కూడ కెల్లీదే. నాకౌట్ అంత జూస్తె ఇంగ్లండ్‌ను ముందుకు లాగింది మొదటి పదకొండు మంది కాదు, తర్వాత వచ్చినోళ్ళు.

ఇంకో ముచ్చట, బ్రాంజ్ ఈ టోర్నీ అంత కాలి ఎముక చిట్లినదాంతోనే ఆడిందని ఫైనల్ అయినంక చెప్పింది. పాపకు ఇది చెప్పకు, రేపు దెబ్బ తగిలినా దాచిపెట్టి ఆడుతది, నిజంగనే అంటున్న, పిల్లలు అట్లనే చేస్తరు.

అడయార్_తెలుగు:
లెఫ్ట్‌బ్యాక్ గారూ, మీరు రాసింది బాగుంది గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. మేం చెన్నైలో స్నేహితులం కొంతమంది కలిసి ఈ మ్యాచులన్నీ లైవ్‌లోనే చూశాం. స్వీడన్ మ్యాచ్ 2-2తో సమం అయ్యాక వచ్చిన షూటౌట్ (గెలుపు తేల్చడానికి రెండు టీమ్‌లూ వంతులవారీగా కొట్టే పెనాల్టీలు) సంగతి మీరు ఎత్తనే లేదు. 14 కిక్కుల్లో 9 పోయాయండి! ఇంగ్లండ్ ఏడింట్లో మూడే కొట్టింది. స్వీడన్ కీపర్ ఫాల్క్ నాలుగు ఆపింది, ఐదో కిక్ తనే తీసుకుంది, అది పడితే స్వీడన్ సెమీస్‌కి, బార్ పైనుంచి కొట్టేసింది. చివరికి 18 ఏళ్ళ హోల్మ్‌బర్గ్ కూడా పైకే కొట్టింది. ఆ అమ్మాయి ఏడుపు చూసి మా గదిలో ఎవరికీ మాట రాలేదు. ఆ రోజు ఏ టీమ్ ఇంటికి వెళ్ళినా ఆశ్చర్యం లేదు, అలాంటప్పుడు అదృష్టం లేదని ఎలా అంటాం?

ఇంకోటి, నాకౌట్ మూడు మ్యాచులూ కలిపి, షూటౌట్లు పక్కన పెడితే, ఇంగ్లండ్ లీడ్‌లో ఉన్నది ఇటలీ మీద ఆ 119 తర్వాత మిగిలిన కాసేపే. మిగతా అంతా సమానంగానో వెనకో ఉన్నారు. నా దృష్టిలో ఆ టోర్నీలో బెస్ట్ టీమ్ స్పెయిన్. గ్రూపులో పోర్చుగల్ మీద 5-0, బెల్జియం మీద 6-2, ఇటలీ మీద 3-1. సెమీస్‌లో జర్మనీ మీద ఐతానా బొన్మాతీ 113లో సైడు నుంచి, కీపర్‌కీ పోస్ట్‌కీ మధ్య ఉన్న ఆ కొంచెం సందులోంచి కొట్టిన గోల్ చూశారా, టోర్నీకి ముందు వైరల్ మెనింజైటిస్‌తో హాస్పిటల్లో ఉన్న మనిషి! ఫైనల్లోనూ బాల్ ఎక్కువసేపు వాళ్ళ దగ్గరే ఉంది. ఒక్క రోజు ఆటలో మంచి టీమే గెలవాలని లేదు. అదే నాకౌట్. మీ ఆఫీసాయన అన్నదాంట్లో సగం నిజం ఉంది.

లెఫ్ట్‌బ్యాక్_హలసూరు:
సార్, స్పెయిన్ బెస్ట్ టీమ్ అంటె నేను కూడ చెయ్యెత్తుత. కానీ పెనాల్టీ దగ్గర వాళ్ళ కథ జూడుండ్రి. 2023 వరల్డ్ కప్ ఫైనల్ల హెర్మోసో కొట్టిన పెనాల్టీ ఇంగ్లండ్ కీపర్ మేరీ ఎర్ప్స్ ఆపింది, కార్మోనా గోల్ ఉండె కాబట్టి 1-0తో బయటపడ్డరు. 2024 ఒలింపిక్స్ కాంస్య పతకం మ్యాచ్‌ల పుటేయాస్ ఆఖరి నిమిషాలల్ల కొట్టిన పెనాల్టీ జర్మనీ కీపర్ బెర్గర్ ఆపింది. ఈ యూరోల స్విట్జర్లాండ్ మీద గెలిచిన్రు గానీ ఆటల వచ్చిన రెండు పెనాల్టీలు పోయినయ్. ఫైనల్ షూటౌట్‌ల నాలుగిట్ల ఒక్కటే. ఒకసారి అయితె లక్. ఇన్నిసార్లు అయితె అది పని చెయ్యాల్సిన జాగ.

అడయార్_తెలుగు:
అదే ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో కొలంబియా మీద 0-2 నుంచి 2-2కి వచ్చి షూటౌట్ గెలిచింది కూడా స్పెయినే కదండీ. అందుకే వాళ్ళకి పెనాల్టీలు రావు అనే ముద్ర వేయడం నాకు నచ్చదు. అయినా మీ పాయింట్ ఆలోచించాల్సిందే, ముఖ్యంగా స్విట్జర్లాండ్ మ్యాచ్.

గోల్‌కీపర్_అక్క:
నేను బెంగళూరులోనే అమ్మాయిలకి కోచింగ్ ఇస్తాను, అంతకుముందు కాలేజీ టీమ్‌కి కీపర్‌ని. మీ ఇద్దరి వాదన చదువుతుంటే కీపర్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదని బాధేసింది, నాకౌట్ అంటే సగం కీపర్లదే అండి.

ఫైనల్ షూటౌట్‌లో ఇంగ్లండ్ కీపర్ హాంప్టన్ కల్దెంతే, బొన్మాతీ ఇద్దరివీ ఆపింది. స్పెయిన్ వాళ్ళు ఎవరు ఎటు కొడతారో ముందే నోట్స్ తీసుకుని, వాటర్ బాటిల్ మీద కాకుండా చేతి మీద పెట్టుకుంది, బాటిల్ అయితే ఎవరైనా తీసేయొచ్చని! స్వీడన్ మ్యాచ్‌లో ముక్కులోంచి రక్తం కారుతుంటే దూది కుక్కుకుని షూటౌట్‌లో నిలబడింది. ఇటలీ మ్యాచ్‌లో అజిమాంగ్ గోల్‌కి కాస్త ముందు తను ఆపకపోతే 0-2 అయ్యేది, అప్పుడు ఏ సబ్ వచ్చినా చేసేదేం లేదు. జర్మనీ సంగతి చూడండి, ఫ్రాన్స్ మీద 13వ నిమిషంలోనే అవతలి ప్లేయర్ జుట్టు లాగినందుకు హెండ్రిక్‌కి రెడ్ కార్డ్, అక్కణ్ణుంచి 120 నిమిషాల దాకా పది మందే. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెర్గర్ వెనక్కి పరిగెత్తి గాల్లోకి ఎగిరి గోల్‌లైన్ దగ్గర తోసేసిన బాల్ నేను మా పిల్లలకి ఎన్నిసార్లు చూపించానో. షూటౌట్‌లో రెండు ఆపింది, తన కిక్ తను కొట్టింది, 6-5. థైరాయిడ్ క్యాన్సర్ రెండుసార్లు దాటి వచ్చిన మనిషి. ఆ సేవ్ చూసి లక్ అనే మాట నోట్లోంచి రాదు నాకు.

పెనాల్టీ కొట్టేవాళ్ళ సంగతి కూడా చెప్తాను. కెల్లీ ఆ ఎగిరి అడుగేసే రన్-అప్ ఫైనల్ కోసం కనిపెట్టింది కాదు. 2023 వరల్డ్ కప్‌లో నైజీరియా మీద ఆఖరి కిక్ కూడా అలాగే కొట్టింది, అది గంటకి 110 కిలోమీటర్లకి పైనే వెళ్ళింది. ప్రతిసారీ అదే నడక, అదే ఆగడం, అదే ఊపిరి. విజిల్ పడగానే పరిగెత్తదు. మా పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, విజిల్ నువ్వు కొట్టొచ్చు అని చెప్పడానికే, ఇప్పుడే కొట్టు అని కాదు. మిడ్‌లైన్ నుంచి పెనాల్టీ స్పాట్ దాకా నడిచే ఆ నడకలోనే చాలామంది ఓడిపోతారు, కాబట్టి ప్రాక్టీస్‌లో కూడా అక్కణ్ణుంచే నడిపించాలి, అందరూ చూస్తుండగా, బాగా అలిసిపోయాక. ఉత్తినే స్పాట్ దగ్గర నిలబడి వరసగా పది కొట్టడం ప్రాక్టీస్ కాదు.

మారతహళ్ళి గారూ, మీ పాప విషయంలో మాత్రం కోచ్ తరఫున నేను మాట ఇవ్వలేను, ఆయన చూసేది ఆయన చూస్తారు. కానీ పాపని బెంచ్ మీద కూర్చున్నప్పుడు అవతలి టీమ్‌లో ఏ డిఫెండర్ అలిసింది, ఎవరు ఎడమ కాలితో తడబడుతున్నారు అని చూస్తూ ఉండమనండి. హాఫ్‌టైమ్‌లో సార్‌కి అది చెప్తే ఆయన కచ్చితంగా గమనిస్తారు, నేనైతే అలాంటి పిల్లని మరిచిపోను. కూర్చుని చల్లబడకుండా మధ్యమధ్యలో లేచి వార్మప్ చేయాలి, పిల్లలు ఇది అస్సలు చేయరు, పిలిచాక షూ లేసులు కడుతూ ఉంటారు.

మారతహళ్ళి_నాన్న:
అందరికీ చాలా థాంక్స్ అండి, పాప పక్కనే కూర్చుని అన్నీ చదివించుకుంది. బెర్గర్ సేవ్ ఇప్పుడే మళ్ళీ చూశాం. ఒక డౌట్ మిగిలింది. ఫైనల్ షూటౌట్‌లో బెత్ మీడ్ మొదటి కిక్ గోల్ పడింది కదా, మళ్ళీ ఎందుకు కొట్టించారు? రెండోది కీపర్ ఆపేసింది, పాప అన్యాయం అంటోంది. ఇంకా వాళ్ళ టోర్నీలో మ్యాచ్ సమం అయితే ఎక్స్‌ట్రా టైమ్ ఉంటుందా?

గోల్‌కీపర్_అక్క:
అన్యాయం కాదమ్మా, రూల్ నీ కెల్లీ టీమ్‌కే మేలు చేసింది. కొట్టేటప్పుడు మీడ్ జారింది, బాల్ రెండు కాళ్ళకీ తగిలింది. పాత లెక్కలో అయితే ఆ కిక్ మిస్ అయినట్టే, మళ్ళీ ఛాన్స్ ఉండదు. 2025 జూన్‌లో ఆ రూల్ మీద క్లారిటీ ఇచ్చారు, పొరపాటున రెండుసార్లు తగిలి గోల్ పడితే మళ్ళీ కొట్టించాలని. అందుకే రీటేక్.

మీ టోర్నీ సంగతి ఆర్గనైజర్లనే అడగాలి. పిల్లల టోర్నీల్లో చాలాచోట్ల ఎక్స్‌ట్రా టైమ్ ఉండదు, సమం అయితే నేరుగా పెనాల్టీలే. రోలింగ్ సబ్స్ (బయటికి వచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళే వీలు) ఉన్నాయా అని కూడా కనుక్కోండి, ఉంటే పాప ఎక్కువసేపు ఆడే ఛాన్స్ బాగా పెరుగుతుంది.

అడయార్_తెలుగు:
పాపకి ఇంకోటి చూపించండి. ఆ యూరో జరుగుతున్నప్పుడే, 2025 జూలై 5న, చియాంగ్ మాయ్‌లో మన ఇండియా అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని 2-1తో కొట్టి ఏషియన్ కప్‌కి క్వాలిఫై అయ్యారు. రెండు టీమ్‌లకీ పాయింట్లూ, గోల్ డిఫరెన్సూ (కొట్టిన గోల్స్‌కీ తిన్నవాటికీ తేడా) సమానంగా ఉండి ఆ ఒక్క మ్యాచ్ మీదకి వచ్చింది, అంటే అదీ నాకౌట్ లాంటిదే. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్. ఆ స్క్వాడ్‌లో నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ కూడా ఉంది, వింగ్ మీద, అంటే గ్రౌండ్ సైడున ఆడుతుంది. మీ పాప కూడా వింగే అయితే సౌమ్య ఆట తప్పకుండా చూపించండి.

మారతహళ్ళి_నాన్న:
వింగే అండి! రైట్ వింగ్. సౌమ్య క్లిప్స్ ఇప్పుడే వెతుకుతోంది. ఆర్గనైజర్‌కి రోలింగ్ సబ్స్ గురించి మెసేజ్ పెట్టాను, రిప్లై రాగానే ఇక్కడ రాస్తా.