సంబంధం కలుపుకునే ముందు పార్టీ అడుగుతున్నారు, మీ దగ్గరా ఇంతేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా ఓటు ఇక్కడ ఒడిశాలో, చుట్టాలు సగంమంది సరిహద్దు అవతల ఆంధ్రా పాతపట్నంలో. 2024 మే 13న ఇటూ అటూ ఒకేరోజు పోలింగ్. ఇక్కడ శంఖమా (బీజేడీ) కమలమా, అక్కడ సైకిలా ఫ్యానా అని మొదలైన గొడవ ఇంకా చల్లారలేదు. మొన్న చెల్లికి సంబంధం వస్తే గోత్రం కంటే ముందు "మీవాళ్ళు ఏ పార్టీ?" అన్నారు. నాన్న చెప్పారు. మళ్ళీ ఫోన్ రాలేదు. ఇలా మనసులు విరిగిపోతే ప్రజాస్వామ్యం ఎలా నిలుస్తుంది? గొడవపడి మళ్ళీ కలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గుణుపురం కోడలు:
కలవడమా! మా మరిదిగారి గృహప్రవేశంలో అన్నదమ్ములిద్దర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టాం. పప్పు వడ్డిస్తుండగా చిన్నాయన ఫోన్‌లో ఆంధ్రా నాయకుణ్ణి తిట్టే వీడియో గట్టిగా పెట్టారు. పెద్దాయన కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి లేచిపోయారు. ఆ ఇద్దరికీ ఆంధ్రాలో ఓటే లేదు!

జయపురం మాస్టారు:
కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, నా మాట వినండి. రాజనీతి పరిశోధకుడు శాంతో అయ్యంగార్ బృందం 2012లోనే దీనిమీద రాసింది. అమెరికాలో అవతలి పార్టీ ఇంటికి పిల్లనిస్తే బాధపడతామన్నవాళ్ళు 1960లో నూటికి ఐదుగురు. 2010కి రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమోక్రాట్లలో మూడోవంతు. విధానాల మీద తేడాకంటే మనుషులమీద అసహ్యమే ఎక్కువ పెరిగింది.

రాయగడ రైల్వే:
అమెరికా సంగతి అలా ఉంచండి మాస్టారూ. మన దగ్గర పగకి మూలం బూత్‌వారీ లెక్క. బూత్‌వారీగా ఎవరికెన్ని ఓట్లొచ్చాయో చూపే ఫలితాల పట్టిక ఫారం 20 చూస్తే ఏ వీధి ఎటు వేసిందో ఇట్టే తెలిసిపోతుంది. మా వీధి బోరింగ్ పాడైతే "ఓటేసినవాణ్ణే అడగండి" అన్నారు. హ్యాండిల్ ఊడి పక్కనే పడుంది, ఆడవాళ్ళు రెండు వీధులు దాటి బిందెలు మోస్తున్నారు. ఎవరికి కోపం రాదు?

బరంపురం ఏజెంటు:
బూత్ లెక్క దాచేస్తే దొంగ ఓట్లు ఎలా పట్టుకుంటారు? నేను కౌంటింగ్ హాల్లో కూర్చున్నవాణ్ణి. ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసుండే ఫారం 17సి పక్కన పెట్టుకుని మెషీన్ మెషీన్‌కీ సరిచూస్తాం. అదొక్కటే మాకున్న ఆధారం.

రాయగడ రైల్వే:
దాచమని ఎవరన్నారు? బూత్‌లు కలిపి లెక్కపెట్టమంటున్నాను. కాగితం బ్యాలెట్ల రోజుల్లో ఎన్నికల నిబంధనల్లోని 59ఏ కింద బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే వీలుండేది. కొన్ని బూత్‌ల మెషీన్ల ఓట్లు కలిపి మొత్తమే చూపే టోటలైజర్ పెట్టాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. లా కమిషన్ 2015లో 255వ నివేదికలో అదే చెప్పింది. కేంద్రమే వద్దంది.

బరంపురం ఏజెంటు:
నివేదికలు చదివితే ఎన్నికలు అర్థం కావు తమ్ముడూ. ఒక్కసారి ఏజెంటుగా కూర్చుని చూడు.

రాయగడ రైల్వే:
బిందె మోసేది మా అమ్మ. మీరు కూర్చుని మీ పార్టీ మెజారిటీ లెక్కపెట్టుకోండి.

కోరాపుట్ కాఫీ:
ఇద్దరూ కొంచెం ఆగండి. ఆంధ్రా, ఒడిశా రెండూ మాదే అనే కొఠియాలో 21 ఊళ్ళవాళ్ళకి రెండు రాష్ట్రాల్లోనూ ఓటు ఉంది, రెండువైపులా బతిమాలుతూనే ఉంటారు. అక్కడ కొట్లాటలేవీ?

గుణుపురం కోడలు:
అది సరిహద్దు తగవు, కోర్టులో ఉంది. దాన్ని ఇక్కడికి తేకండి. నన్ను బాధపెట్టేది ఇంకొకటి. 2024 ప్రచారంలో నవీన్ పట్నాయక్ సన్నిహితుడు పాండియన్ గారు తమిళుడు, బైటివాడు, ఒడియా అస్మిత (ఆత్మగౌరవం) అని ఊదరగొట్టారు కదా. రాజకీయంగా ఆయన్ని ఎంతైనా విమర్శించనీ, కానీ ఆ "బైటివాడు" అన్న మాట మా పిల్లలు కూడా విన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళం. మేమేమవుతాం?

జయపురం మాస్టారు:
అమ్మా, అదే నేను చెప్పబోయింది. అమెరికాలో 32 వేలమంది మీద ఈ పగ తగ్గించే 25 పద్ధతులు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. పార్టీల మధ్య పగ చాలా పద్ధతులతో తగ్గింది. కానీ అప్రజాస్వామిక పనులకి మద్దతు తగ్గించినవి కొద్దే. అంటే పక్కపక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టినంతమాత్రాన సరిపోదు. ఓడినవాడి వీధికీ నీళ్ళు రావాలి. రాయగడ అబ్బాయి చెప్పింది తీసిపారేసేది కాదు.

బరంపురం ఏజెంటు:
సరే, సర్పంచి ఎన్నికకి పార్టీ గుర్తే ఉండదు కదా. అక్కడ కూడా వార్డువారీగా తెలుస్తూనే ఉంటుంది. దానికేం చేస్తారు? టోటలైజర్ వాళ్ళు ముందు ఇది చెప్పండి.