చిన్న ట్రాక్టర్‌కి క్యాబిన్ కట్టించి హీటర్ పెట్టినవాళ్లున్నారా?

ఐదెకరాల ఆసామి (బఫలో దగ్గర, న్యూయార్క్ రాష్ట్రం) - నవంబరు 3

అందరికీ నమస్కారం. మేముండేది బఫలోకి దక్షిణాన, ఈరీ సరస్సు గాలి నేరుగా తగిలే చోట. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుపానుకే దాదాపు 80 అంగుళాల మంచు పడింది, గుర్తుండే ఉంటుంది. మా దగ్గర కాస్త తక్కువే గానీ, పొద్దున గరాజ్ తలుపు ఎత్తితే ఎదురుగా తెల్ల గోడ.

రోడ్డు నుంచి ఇంటి దాకా 400 అడుగుల దారి. 25 హార్స్‌పవర్ లోపు చిన్న ట్రాక్టర్ ఉంది, దాని ముందు మంచును ఎత్తి పక్కకి విసిరే స్నో బ్లోయర్. బండి బాగానే లాగుతోంది, లాగలేనిది నేనే. గాలి ఎదురు తిరిగిందంటే బ్లోయర్ విసిరిన మంచు అంతా నా మొహానికే వస్తుంది. పోయిన ఏడాది కళ్లజోడు మీద మంచు పేరుకుపోయి, ఏమీ కనపడక మెయిల్‌బాక్స్ పడగొట్టాను. మాది కాదు, పక్కింటివాళ్లది.

క్యాబిన్‌తో వచ్చే కొత్త బండి కొనే ఉద్దేశం లేదు. ఉన్నదానికే కట్టించాలి. గుడ్డదా, గట్టిదా? హీటర్ ఏది? ఊళ్లో నాన్నకి చెబితే "ట్రాక్టర్‌కి టాపు వేస్తారు గానీ కుంపటి పెడతారట్రా?" అని ఒకటే నవ్వు.

మిన్నెసోటా మావయ్య - నవంబరు 3

నేను గుడ్డదానితోనే మొదలుపెట్టాను. పైపుల ఫ్రేము, కిటికీల చోట పారదర్శకమైన వినైల్ షీటు, జిప్పు తలుపులు. 900 డాలర్లయింది. ఒక మధ్యాహ్నంలో నేనూ మావాడూ కలిసి బిగించేశాం.

హీటర్ లేకుండానే సగం కష్టం తీరిపోయింది. ఎందుకంటే మనల్ని చంపేది చలి కన్నా గాలి. 0 డిగ్రీల ఫారన్‌హీట్‌లో గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 19లా ఉంటుంది. అరగంటలో బయటున్న చర్మం గడ్డకట్టొచ్చు. ఆ గాలిని ఆపితే చాలు, ఇంజన్ మీంచి వచ్చే వేడి కొంత లోపలే నిలుస్తుంది.

అయితే రెండో చలికాలానికి షీటు పసుపుబారింది, మడతల దగ్గర పగిలింది. బాగా చలి ఉన్న ఒక పొద్దున జిప్పు లాగితే చేతికే వచ్చేసింది. ఆ రోజు బయటికి రావడానికి నేను పడ్డ పాట్లు మా ఆవిడ కిటికీలోంచి వీడియో తీసింది.

వెల్డింగ్ బాబాయ్ (మిషిగన్) - నవంబరు 4

ఆసామీ, ఇంకా అయిదారేళ్లు ఆ ఇంట్లోనే ఉంటానంటే గట్టిదే కట్టు. నేను కిట్ కొనలేదు, చదరపు ఇనుప గొట్టాలతో సొంతంగా చేశాను. కిట్లయితే కర్టిస్ లాంటి కంపెనీలు నీ మోడల్‌కి సరిపోయేలా అమ్ముతాయి. ధర ఎక్కువే గానీ తలుపులు సరిగ్గా కూర్చుంటాయి. నా తలుపు ఇప్పటికీ తన్నితే గానీ పడదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. సీటు వెనకున్న రోల్ బార్‌కి డ్రిల్లు పెట్టకు, వెల్డింగ్ అసలు వద్దు. బండి పల్టీ కొడితే నీ తల కాపాడేది అదే. దాన్ని పరీక్షించి ధ్రువీకరించింది ఉన్నది ఉన్నట్టుగానే, కన్నం పెట్టాక దాని బలానికి పూచీ ఉండదు. యూ-బోల్టులతో, క్లాంపులతో పట్టించు. క్యాబిన్ వచ్చింది కదా అని సీటు బెల్టు మానేయకు.

ముందు అద్దం నిజం అద్దమే వేయించు, టఫెన్డ్ గ్లాసు. పక్కలకీ వెనక్కీ పాలికార్బొనేట్ (అద్దంలా కనపడే గట్టి ప్లాస్టిక్) చాలు. ముందు కూడా అదే వేస్తే వైపర్ కింద ఇసుక రేణువు ఒక్కటి పడిందంటే నెలలో గీతలు పడతాయి. రాత్రి ఎదురుగా కారు లైట్లు వస్తే ఏమీ కనపడదు. పాలికార్బొనేట్‌ని అమ్మోనియా ఉన్న క్లీనర్లతో తుడవకు, మసకబారుతుంది. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

ఇంతకీ నీ గరాజ్ తలుపు ఎత్తెంత? ఇప్పుడు రోల్ బార్ మడిచి లోపల పెడుతున్నావేమో. క్యాబిన్ కట్టాక మడవడం కుదరదు. 7 అడుగుల తలుపైతే టేపు పట్టుకుని కొలిచాకే డబ్బు కట్టు. నేను కొలవలేదు. నా బండి ఇప్పుడు షెడ్డులో ఉంటుంది.

ఐదెకరాల ఆసామి - నవంబరు 4

బాబాయ్, ఇప్పుడే కొలిచి వచ్చా. తలుపు 8 అడుగులు, బతికిపోయాను. మరి హీటర్? ఆన్‌లైన్‌లో 12 వోల్టులవి 40 డాలర్లకే కనపడుతున్నాయి. సిగరెట్ లైటర్‌లో గుచ్చితే చాలంటున్నారు.

ఆంపియర్ (న్యూజెర్సీ) - నవంబరు 4

ఆ 40 డాలర్లతో బిర్యానీ తినండి అన్నా. లెక్క చూడండి. ఇంట్లో చిన్న గది హీటర్ 1500 వాట్లు. 12 వోల్టుల మీద అదే వేడి కావాలంటే 125 ఆంపియర్లు. నా బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేదే 40 ఆంపియర్లు. అందులో లైట్లు, వైపర్, బ్యాటరీ చార్జింగ్ పోగా మిగిలేదెంత? లైటర్ సాకెట్‌లో గుచ్చేవి 150 వాట్ల చుట్టుపక్కల ఉంటాయి. చేతివేళ్లు కాచుకోవచ్చు, అంతే.

పాత డీజిల్ (విన్నిపెగ్, కెనడా) - నవంబరు 5

కారులో హీటర్ ఎలా పనిచేస్తుందో ఇక్కడా అదే పెట్టుకోవాలి. ఇంజన్‌లో కాగిన కూలెంట్‌ని (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, మనం నీళ్లనే అంటాం) చిన్న రేడియేటర్ లాంటిదానిలోకి మళ్లించి, వెనక ఫ్యాను పెడతారు. కరెంటు ఫ్యానుకే కావాలి, వేడి ఎలాగూ బండి వృథాగా పారేసేదే.

నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని కాస్త పొడుగ్గా రాస్తున్నా. మొదటిసారి ఇంజన్ నుంచి రేడియేటర్‌కి పోయే పై పైపును కోసి, టీ జాయింటు వేసి, అక్కణ్నుంచి వేడి నీళ్లు తీసుకున్నాను. అది థర్మోస్టాట్ దాటాక వచ్చే పైపు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ కాగేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోనివ్వకుండా మూసి ఉంచే కవాటం. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా అందులో పారేది దాదాపు ఏమీ ఉండదు. మైనస్ 25 సెల్సియస్‌లో, తేలిక పని మీద చిన్న డీజిల్ ఇంజన్ ఒక పట్టాన కాగదు. నలభై నిమిషాలు మంచు ఎత్తాక, పని అయిపోయే సమయానికి గోరువెచ్చని గాలి వచ్చేది. పెళ్లయ్యాక బాజాలన్నట్టు.

మరుసటి ఏడాది సర్వీస్ మాన్యువల్ తీసి చూస్తే, థర్మోస్టాట్‌కి ముందే, ఇంజన్ బ్లాకు మీద మరబిరడా వేసి మూసిన రంధ్రం ఒకటుంది. అందులో ఫిట్టింగ్ బిగించి అక్కణ్నుంచి వేడి నీళ్లు తీసుకున్నాను. తిరుగు పైపును వాటర్ పంపు లాక్కునే వైపు, అంటే రేడియేటర్ కింది పైపులో కలిపాను. ఇప్పుడు పది నిమిషాల్లో చేతి తొడుగులు తీసేస్తా. మీ బండికి ఆ రంధ్రం ఎక్కడుందో చూసుకోండి, అన్నిటికీ ఒకేచోట ఉండదు.

ఇంకా కొన్ని. పైపులు బిగించాక గాలి బుడగ చిక్కుకుంటే హీటర్ చల్లగానే ఉంటుంది. బండి ముక్కును ఎత్తుగా నిలబెట్టి, హీటర్ కవాటం తెరిచి, ఇంజన్ నడుపుతూ కూలెంట్ కలుపుతూ పోతే బుడగ బయటికొస్తుంది. ఇనుప రేకు అంచుల మీంచి పైపు పోయేచోట రబ్బరు వాషర్ వేయండి, లేకపోతే అదురుకి కోసుకుపోతుంది. రేడియేటర్ ముందు సగానికి అట్టముక్క అడ్డం పెడితే ఇంజన్ తొందరగా కాగుతుంది, కానీ టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి ఉంచాలి. వసంతం రాగానే అట్ట తీసేయాలి. నేను ఒకసారి మర్చిపోయాను, ఆ కథ ఇక్కడొద్దు.

షికాగో చలిచీమ - నవంబరు 6

ఇంజన్ జోలికి పోకుండా, వేరుగా డీజిల్ కాల్చే గాలి హీటర్లు చౌకగా వస్తున్నాయి కదా! నాది మూడో ఏడాది. అంటించుకునేటప్పుడు పదో ఎంతో ఆంపియర్లు లాగుతుంది, తర్వాత ఒకటి రెండు చాలు. బండి స్టార్ట్ చేయకముందే క్యాబిన్ వెచ్చబడుతుంది.

నర్సమ్మ (ఒహాయో) - నవంబరు 6

తమ్ముడూ, అది బాగానే పనిచేస్తుంది, మా ఇంట్లోనూ ఉంది. కానీ దాని పొగ గొట్టం ఎక్కడ తేలుతోంది? మంటకు గాలి ఎక్కణ్నుంచి తీసుకుంటోంది? రెండూ క్యాబిన్ బయటే ఉండాలి. పొగ గొట్టం చివర ఫ్లోరు కింద ఉంటే మంచులో కూరుకుపోయి వెనక్కి తన్నుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగుండదు. తలనొప్పి, వికారం వస్తే ఫ్లూ అనుకుని అలాగే కూర్చుంటారు. బ్యాటరీతో నడిచే అలారం 25 డాలర్లకి దొరుకుతుంది, తలకు దగ్గరగా పెట్టుకోండి. ట్రాక్టర్ సైలెన్సర్ పొగ కూడా లోపలికి రావచ్చు, గరాజ్‌లో బండిని స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం మానండి.

షికాగో చలిచీమ - నవంబరు 6

అక్కా, ఇప్పుడే వెళ్లి చూశా. గొట్టం చివర సరిగ్గా తలుపు కిందే ఉంది. రేపు వెనక్కి మారుస్తున్నా. అలారం ఆర్డర్ పెట్టేశా.

మిన్నెసోటా మావయ్య - నవంబరు 7

అద్దాలకు పట్టే ఆవిరి సంగతి ఎవరూ చెప్పలేదే! బూట్లకంటుకున్న మంచు కరిగి, మన ఊపిరి కలిసి, పది నిమిషాల్లో ఆవిరి స్నానాల గది. ఫ్యాను లోపలి గాలినే తిప్పితే ఇంకా ఎక్కువవుతుంది. కొంత బయటి గాలి లాక్కునేలా పెట్టి, ఒక గొట్టాన్ని అద్దం అడుగున పైకి తిప్పండి. ఎక్కేముందు బూట్లు దులుపుకోండి.

పనసపండు (కనెటికట్) - నవంబరు 8

నన్ను తిట్టొద్దు, నేను క్యాబిన్ పీకేశాను. వేసవిలో గడ్డి కోసేటప్పుడు చెట్ల కొమ్మలకు తట్టుకుంటుంది, తలుపులు తీసినా ఉడికిపోతాం. రేకుల పెట్టెలో మూడు సిలిండర్ల డీజిల్ మోత అంటే డప్పులో తల పెట్టినట్టే. ఇప్పుడు బ్యాటరీ జాకెట్, స్కీయింగ్ కళ్లజోడు, చెవులకు మఫ్‌లు. 300 డాలర్లలో అయిపోయింది. అయితే మా దారి 80 అడుగులే.

వెల్డింగ్ బాబాయ్ - నవంబరు 8

80 అడుగులకు పారతో తోసుకోవచ్చు కదయ్యా.

మోతకి మాత్రం, పైకప్పు లోపల నురుగు షీటు అతికించి, కింద మందపాటి రబ్బరు మ్యాటు వేస్తే కాస్త తగ్గుతుంది. చెవి మఫ్‌లు అప్పటికీ కావాలి.

ఐదెకరాల ఆసామి - ఫిబ్రవరి 2

అడిగి మాయమయ్యాడనుకోకండి. గట్టి క్యాబిన్ కిట్ కొన్నా, 4,600 డాలర్లు. బిగించడానికి రెండు శని, ఆదివారాలు పట్టింది. హీటర్ పాత డీజిల్ గారు చెప్పినట్టే థర్మోస్టాట్‌కి ముందు నుంచి తీసుకున్నాను.

మొదటి రోజు నడుంపైన చెమట, పాదాలు మాత్రం మంచుగడ్డలు. హీటర్ చాలదేమో, పెద్దది కొందామా అనుకున్నా. రాత్రి ఫ్లోరు కింద టార్చి లైటు పెట్టి, లోపల దీపాలార్పి చూస్తే నక్షత్రాల్లా వెలుతురు. పెడళ్ల చుట్టూ, లివర్లు వచ్చే చోట అంతా కన్నాలే! పాత కారు మ్యాట్లు కోసి, పెడల్ పూర్తిగా తొక్కినా వదిలినా పట్టుకోకుండా సరిచూసి బిగించాను. ఖర్చు సున్నా. హీటర్ అదే, ఇప్పుడు ఫ్యాను సగం మీదే పెడుతున్నా.

నిన్న రాత్రి 14 అంగుళాలు పడింది. స్వెట్టర్ మీదే గంటన్నర తీశాను. పక్కింటివాళ్ల కొత్త మెయిల్‌బాక్స్ క్షేమం. లోపల్నుంచి నాన్నకి వీడియో కాల్ చేసి చూపించా. చాలాసేపు చూసి, "ఇదే పెట్టెకి ఏసీ పెడతారేమో కనుక్కో, మే నెలలో మనకి పనికొస్తుంది" అన్నారు.