తప్పును దాచిన బిషప్‌కు రాజీనామా ఒక్కటే శిక్షా?

నేను పుట్టుకతో కాథలిక్కును. ఒక విషయం చాలా రోజులుగా మనసును తొలిచేస్తోంది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బోస్టన్‌లో పిల్లలపై అకృత్యాలు చేసిన ఫాదర్లను ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మారుస్తూ వచ్చారని బయటపడ్డాక అక్కడి ఆర్చ్‌బిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా 2002 డిసెంబర్‌లో రాజీనామా చేశారు. 2004లో ఆయనకే రోమ్‌లోని సాంతా మరియా మజ్జోరే బసిలికా (పెద్ద చర్చి) బాధ్యత ఇచ్చారు. 2005లో కొత్త పోపును ఎన్నుకునేటప్పుడు ఓటు కూడా వేశారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఎలా ఉండి ఉంటుంది?

అమెరికా మాజీ కార్డినల్ మెకారిక్ సంగతి వేరు. స్వయంగా నేరం చేశారని తేలి, 2019లో గురుత్వం (ఫాదర్ హోదా) నుంచే తొలగించారు. నేను అడిగేది తెలిసీ నోరు మెదపనివాళ్ల గురించి. అదే ఏడాది పోప్ ఫ్రాన్సిస్ తెచ్చిన 'వోస్ ఎస్తిస్ లుక్స్ ముందీ' అనే చర్చి నిబంధనల ప్రకారం, విచారణను అడ్డుకున్న బిషప్ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. కానీ విచారించేది మామూలుగా ఇంకో ఆర్చ్‌బిషపే కదా! బాధితులకు దాని ఫలితం చెబుతారా?

ఇంకొకటి. అలాంటి బిషప్ పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి క్షమాపణ పొందితే సరిపోతుందా, బాధితుల ముందు తప్పు ఒప్పుకోవాల్సిన బాధ్యత మిగిలే ఉంటుందా? వేదాంతం చదివినవాళ్లు, కానన్ లా (చర్చి చట్టం) తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పగలరా?