భుజం టెండన్ చిరిగింది, ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు: ఇంజెక్షన్ వేయించాలా?

ఆమదాలవలస కుర్రాడు:
మా నాన్నకి 57 ఏళ్లు. ఇళ్లకు రంగులు వేసే పని. చాలాకాలంగా కుడి భుజం నొప్పి. ఇప్పుడు చెయ్యి పైకెత్తలేకపోతున్నారు, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేరు. కిందపడటం, దెబ్బ తగలడం లాంటివి ఏమీ లేవు. ఎమ్మారై తీయిస్తే సుప్రాస్పైనేటస్ టెండన్ (చెయ్యి పైకెత్తే కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) సగం మందం వరకు చిరిగిందని వచ్చింది. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి ఫిజియోథెరపీ మొదలుపెడదాం అన్నారు డాక్టరు గారు. ఇంట్లో సగం మంది ఇంజెక్షన్ వద్దంటున్నారు. నాన్న షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి శారద:
వద్దు బాబూ. మా అమ్మకి ఇలాగే ఒకటి అని మొదలుపెట్టారు. నొప్పి తగ్గగానే ఆవిడ మళ్లీ బిందెలు మోసేది, నొప్పి తిరగబెట్టగానే ఇంకోటి పొడిచేవారు. వేసిన ప్రతిసారీ షుగర్ పెరిగిపోయేది. చివరికి టెండన్ మొత్తం తెగిపోయింది, ఈ రోజుకీ తన జడ తను వేసుకోలేదు. మొత్తం ఎన్ని వేశారని అడిగితే అక్కడ రాసిపెట్టిన కాగితమే లేదు.

బొబ్బిలి బుల్లోడు:
పసరు కట్టు కట్టించండి. మా తాతకి దాంతోనే తగ్గింది.

నెల్లిమర్ల మాస్టారు:
కట్టు కట్టి చెయ్యి కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ మామూలుగానే ఎక్కువ. దయచేసి ఆ పని చేయకండి.

ఇంజెక్షన్ విషయానికొస్తే, టెండన్‌లోకి పొడవరు. దాని మీద ఉండే బర్సా అనే సంచిలోకి వేస్తారు. వాపు, నొప్పి కొన్ని వారాలపాటు తగ్గుతాయి. చిరుగు అతుక్కోదు. మరి ఎందుకు అంటే, నొప్పి తగ్గిన ఆ వారాల్లోనే వ్యాయామం మొదలుపెట్టాలి కాబట్టి. ముందు చెయ్యి వేలాడేసి మెల్లగా ఊపడం, తర్వాత గోడ మీద వేళ్లతో పైకి పాకడం, ఆ తర్వాత రబ్బరు బ్యాండుతో భుజాన్ని బయటికి, లోపలికి తిప్పడం. తక్కువలో తక్కువ మూడు నెలలు. వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ మాకు దగ్గరే. అక్కడి కుర్రాళ్లు బరువులెత్తి భుజం పట్టేస్తే మంచమెక్కరు, బరువు తగ్గించి సాధన చేస్తారు.

2014లో ఫిన్లాండు వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. 55 దాటిన వాళ్లలో దెబ్బ తగలకుండా సుప్రాస్పైనేటస్ చిరిగితే, ఏడాది తర్వాత చూస్తే ఫిజియో ఒక్కటే చేసినవాళ్లకీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పడిపోయి ఒక్కసారిగా తెగితే మాత్రం లెక్క వేరు, వెంటనే సర్జన్‌కి చూపించాలి.

కవిటి కొబ్బరి:
నాన్నగారు మెడికల్ షాపు నొప్పి మాత్రలు మింగుతున్నారా? ముందు క్రియాటినిన్ టెస్టు, అంటే కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే రక్తపరీక్ష చేయించండి. మా ఉద్దానంలో కిడ్నీల సంగతి మీకు తెలిసిందే. డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వాడకూడదు.

ఆమదాలవలస కుర్రాడు:
మింగుతున్నారండి, రోజూ. టెస్టు రేపే చేయిస్తాను.

రాజాం రవి:
పీఆర్‌పీ వేయించండి. మన రక్తమే తీసి, ప్లేట్‌లెట్లు ఎక్కువుండే భాగాన్ని వేరుచేసి నొప్పి ఉన్నచోట ఇంజెక్షన్‌గా వేస్తారు, స్టెరాయిడ్ భయం ఉండదు.

నెల్లిమర్ల మాస్టారు:
ఖర్చు వేలల్లో ఉంటుంది రవీ. కొన్ని పరిశోధనల్లో మేలు కనిపించింది, కొన్నింట్లో కనిపించలేదు. అప్పు చేసి వేయించుకునే వైద్యం కాదు.

చీపురుపల్లి శారద:
మాస్టారూ, ఎన్ని వేశారో కాగితమే లేదని నేను చెప్పింది మీరు వదిలేశారు. ఎన్ని వేయొచ్చు? ఆ లెక్క ఎవరు రాస్తారు?

నెల్లిమర్ల మాస్టారు:
ఏడాదికి మూడు నాలుగు దాటకూడదని డాక్టర్లే అంటారమ్మా. పదేపదే వేస్తే టెండన్ బలహీనపడుతుంది, అది నేనూ కాదనను. షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది, ఆ రోజుల్లో చూసుకుంటూ ఉండాలి. ఇక్కడ అడిగింది ఒక్కదాని గురించి. మీ అమ్మగారికి ఇంజెక్షన్లతో పాటు వ్యాయామం చేయించారా?

చీపురుపల్లి శారద:
చేయించలేదని మా అమ్మదే తప్పంటారా? వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకొని మోసే మనిషి గోడ మీద వేళ్లు పాకించుకుంటూ కూర్చుంటుందా? మీ ఫిన్లాండు వాళ్లకి జీతంతో సెలవు ఇస్తారు. మాకెవరిస్తారు?

నెల్లిమర్ల మాస్టారు:
తప్పని నేను ఎక్కడన్నాను? వ్యాయామం లేకుండా ఇంజెక్షన్ వేసి పంపించడం వైద్యం కాదంటున్నాను.

చీపురుపల్లి శారద:
ఏటండీ మీరు! నేను మొదటి నుంచీ చెప్తున్నదీ అదే. నొప్పి పోతే మనిషి పనిలోకి పోతాడు, వ్యాయామంలోకి కాదు. కూలి మనిషికి ఇంజెక్షన్ అంటే మర్నాడు పనిలోకి వెళ్లడానికి చీటీ. తమ్ముడూ, నీదీ అదే ఆలోచనా? నిజం చెప్పు.

ఆమదాలవలస కుర్రాడు:
నాన్న ఇద్దరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారక్కా. రెండు ఇళ్లూ సంక్రాంతి లోపు అయిపోవాలి. ఇంజెక్షన్ వేస్తే పండగ దాకా లాగొచ్చు, ఆ తర్వాత ఫిజియోకి వెళ్దాం అంటున్నారు. ముందే రాస్తే మందు సంగతి వదిలేసి అందరూ దీని మీదే పడతారని రాయలేదు.

నెల్లిమర్ల మాస్టారు:
అయితే శారద గారి భయంలో అర్థముంది. ఇంజెక్షన్ వేసుకొని పొద్దస్తమానం సీలింగుకి రోలర్ తోస్తే ఉన్న సగం కూడా తెగొచ్చు. నొప్పి లేనప్పుడు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

బొబ్బిలి బుల్లోడు:
అందుకే కట్టు అన్నాను.

రాజాం రవి:
నువ్వు కాసేపు ఆగు బుల్లోడా.

చీపురుపల్లి శారద:
పని మానేయమని నేను అనను, మానేస్తే పూట గడవదని నాకు తెలుసు. సీలింగు, పై గోడలు కుర్రాళ్లకి ఇచ్చేయమను. నడుము ఎత్తులో పుట్టీ, తలుపులకి ఎనామెల్, రంగు కలపడం నాన్న చూసుకోవాలి. వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టాలి, పండగ అయ్యాక కాదు. అలా ఒప్పుకుంటేనే ఇంజెక్షన్. ఎప్పుడు వేశారో, ఏ మందో చీటీ మీద రాయించుకొని నీ దగ్గర పెట్టుకో.

నెల్లిమర్ల మాస్టారు:
దీనికి నేనూ సరే. మెత్తటి దిండు ఒకటి చంక కింద పెట్టుకొని పడుకోమనండి, రాత్రి నొప్పి కొంత తగ్గుతుంది.

ఆమదాలవలస కుర్రాడు:
సీలింగు చేయనంటే మేస్త్రి కూలి కోసేస్తాడక్కా.

చీపురుపల్లి శారద:
ఎంత కోస్తాడు? రోజుకి వందా, రెండు వందలా? కనుక్కొని ఇక్కడ రాయి, అప్పుడు మాట్లాడదాం.