ఉబుంటు వేశాక విండోస్ 48 అంకెల కీ అడుగుతోంది: సెక్యూర్ బూట్ ఆపేయడం సరైనదేనా?

నల్లతెర: మాది విజయనగరం దగ్గర ఊరు. డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, విండోస్ 11. నిన్న రాత్రి పక్కనే ఉబుంటు లినక్స్ వేశాను. వేసే ముందు సీనియర్ చెప్పాడని బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ఓఎస్‌నే లేవనిచ్చే కాపలా) ఆపేశాను. ఉబుంటు బాగానే వస్తోంది. ఏ ఓఎస్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో విండోస్ ఎంచుకుంటే మాత్రం నీలం తెర వచ్చి బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ కొట్టమంటోంది, 48 అంకెలు. అసలు బిట్‌లాకర్ నేనెప్పుడూ పెట్టలేదు. చెల్లి స్కాలర్‌షిప్ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.

గోస్తనీ: ఎవరు చెప్పినా ఫార్మాట్ మాత్రం చేయకు.

టెర్మినల్ బాబాయి: సీనియర్ చెప్పింది సరైనదే. రెండు ఓఎస్‌లున్న మెషీన్లో సెక్యూర్ బూట్ ఉంచితే ఎప్పటికైనా తలనొప్పే. 2024 ఆగస్టు మర్చిపోయారా? పాత షిమ్‌లను (సెక్యూర్ బూట్‌కు సంతకం చూపించి లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాములు) రద్దు చేసే ఎస్‌బీఏటీ జాబితా ఒకటి విండోస్ అప్‌డేట్‌తో వచ్చింది. రెండు ఓఎస్‌లున్న మెషీన్లకు అది వెళ్ళదని మైక్రోసాఫ్ట్ అంది, వెళ్ళింది. ఆన్ చేస్తే 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అని చూపించి లినక్స్ ఆగిపోయేది. మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా సరిచేసేసరికి 2025 మే వచ్చింది. తొమ్మిది నెలలు! నా మెషీన్లన్నిట్లో సెక్యూర్ బూట్ ఆఫ్, ఒక్కటీ ఆగలేదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా మోక్ కీ (డ్రైవర్ సంతకం కోసం మనమే నమోదు చేయాల్సిన కీ) గొడవ లేకుండా ఎక్కుతుంది.

మానేరు: బాబాయి గారు, తమ్ముడు అడిగింది కీ గురించి. కొత్త ల్యాప్‌టాప్‌ల మైక్రోసాఫ్ట్ ఖాతాతోని లాగిన్ అయితే చాలావాటిల్ల విండోస్ 11 తనంతట తనే బిట్‌లాకర్‌తోని డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తది. తాళం టీపీఎం అనే భద్రత చిప్ చేతిల ఉంటది. సెక్యూర్ బూట్ ఆపినా, గ్రబ్ మీదికెళ్ళి విండోస్‌లకు పోయినా, ఆ చిప్‌కు లెక్క కుదరక తాళం ఇయ్యది.

తమ్మీ, సెక్యూర్ బూట్ మళ్ళ ఆన్ చెయ్. గ్రబ్ నుంచి పోకు. పవర్ నొక్కంగనే ఎఫ్12 కొట్టు (కొన్నిట్ల ఎఫ్9 ఉంటది), విండోస్ బూట్ మేనేజర్ నేరుగ ఎంచుకో. మామూలుగ కీ అడగకుండనే తెరుచుకుంటది. ఉబుంటు కోసమని ఆపాల్సిన పనే లేకుండె, దాని షిమ్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటది.

పాత కీబోర్డు: నాకు విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంటోంది. ఇదీ దీనివల్లేనా?

మానేరు: కాదు. మదర్‌బోర్డు గడియారాన్ని ఉబుంటు యూటీసీల (మన టైమ్‌కు ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైమ్) పెడ్తది, విండోస్ దాన్ని మన టైమనుకుంటది. అది వేరే సంగతి.

టెర్మినల్ బాబాయి: సంతకం ఎవరిదో మీరే అన్నారు. నా డబ్బుతో కొన్న మెషీన్లో ఏ ఓఎస్ లేవాలో ఇంకొకరి సంతకం తేల్చాలా? ఆఫ్ చేస్తే ఏం పోయింది? కీ అడిగితే కొట్టుకుంటే సరి.

మానేరు: కొట్టుకుంటే సరా? మా అక్కకు ఇట్లనే ఎవరో 'ఆఫ్ చెయ్' అని ఒక్క ముక్క చెప్పి పోయిండు. కీ అడిగింది. దుకాణానికి తీస్కపోతే పదిహేను వందలు తీస్కొని డిస్క్ మొత్తం తుడిచి విండోస్ వేసిచ్చిన్రు. పాప పుట్టినప్పటి నుంచి మూడేండ్ల ఫొటోలు అందులనే ఉండె. ఇంటికొచ్చి ఆన్ చేస్తే తెర మీద రీసైకిల్ బిన్ ఒక్కటే ఉన్నది. అక్క దాన్ని సుత తెరిచి చూసింది.

టెర్మినల్ బాబాయి: అది దుకాణం తప్పు. బ్యాకప్ తీసుకోని మీ అక్క తప్పు. సెక్యూర్ బూట్ తప్పు కాదు.

గోస్తనీ: సార్, ఆ మాట అనాల్సింది కాదు.

టెర్మినల్ బాబాయి: సరే, అక్క గురించి అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నేను నేర్చుకున్నదంతా పాడుచేసే నేర్చుకున్నాను. కాలేజీ ల్యాబ్‌లో నలుగురికి ఒక మెషీన్. లైలో (అప్పటి లినక్స్ బూట్ ప్రోగ్రాం) వేయబోయి ఎంబీఆర్ (డిస్క్ మొదట్లో ఉండే బూట్ భాగం) ఎన్నిసార్లు పోగొట్టానో. మళ్ళీ వేసుకునేవాళ్ళం. ప్రతి ప్రశ్న కిందా జాగ్రత్త, జాగ్రత్త అని రాస్తూ పోతే ఏ పిల్లాడూ లినక్స్ ముట్టుకోడు. నా బాధ అదీ.

మానేరు: మీరు పాడుచేసిన మెషీన్ కాలేజీది. అందుల మీ ఇంటోళ్ళది ఏం లేకుండె. ఈ తమ్మునింట్ల ఉన్నదే ఒకటి. నేనూ రోజూ పనిచేసేది డెబియన్ మీదనే, ముట్టుకోవద్దంటలేను. 'ఆఫ్ చెయ్' అనేముందు 'కీ ఉన్నదా' అని అడగున్రి అంటున్న. మీరు చెప్పి పడుకుంటరు, రాత్రంత ఆ నీలం తెర ముందట కూసునేది ఆ పిల్లగాడు.

టెర్మినల్ బాబాయి: అడగాల్సిందే. అంతవరకు ఒప్పుకుంటాను. సంతకం సంగతి మాత్రం ఒప్పుకోను.

నల్లతెర: తెరుచుకుంది! సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఎఫ్12 నుంచి వెళ్తే కీ అడగలేదు. లోపల చూస్తే లాగిన్ అయి ఉన్న ఖాతా మాది కాదు, కొన్నరోజు దుకాణంలో అబ్బాయి పెట్టింది. వెతికితే 'మేనేజ్ బీడీఈ' అనే కమాండ్ కీ చూపిస్తుందని తెలిసింది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి కొట్టాను, వచ్చింది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. చెల్లి చదువుతుంటే నేను నోట్‌బుక్‌లో రాశాను, మళ్ళీ నేను చదివితే తను సరిచూసింది. ఐదో గుంపులో 7ని 1 అని రాశాను, తనే పట్టుకుంది. కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతున్నాయి. అక్కా, మా ఖాతాకి మారాక కూడా ఈ కీ పనిచేస్తుందా?

మానేరు: చేస్తది. ఆ కీ డిస్క్‌ది, ఖాతాది కాదు. కాని ఆ అబ్బాయి ఖాతాల దాని నకలు ఉండే ఉంటది. కాగితాలు ఎక్కినంక ఎన్‌క్రిప్షన్ మొత్తం తీసేసి, నీ ఖాతాతోని మళ్ళ పెట్టు. కొత్త కీ వస్తది. నోట్‌బుక్‌ల ఉన్నది కొట్టేసి అది రాస్కో. చెల్లెతోని సరిచూపించు.