ఆసుపత్రి రిసెప్షన్‌లో ఇంగ్లిషు ప్రశ్నలను మర్యాదగా అడగడం ఎలా?

ప్రశ్న (సోమాజిగూడ నుంచి)

నేను హైదరాబాదులో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. వైద్యం కోసం బెంగాల్ నుంచి, ఒమన్, సూడాన్ వంటి దేశాల నుంచి వచ్చేవారితో ఇంగ్లిషులోనే మాట్లాడవలసి ఉంటుంది. ‘వాట్ డూ యూ వాంట్?’, ‘వేర్ ఆర్ యూ స్టేయింగ్?’ అని వ్యాకరణం తప్పకుండానే అడుగుతున్నా, వారికి అది గద్దించినట్టు వినిపిస్తోందేమోనని సందేహంగా ఉంది. తెలుగులో ‘అండి’ చేర్చినంత తేలికైన పద్ధతి ఇంగ్లిషులో ఉంటే దయచేసి వివరించగలరు.

జవాబు (తార్నాక నుంచి)

మీ సందేహం సరైనదే. ఇంగ్లిషులోనూ ఒకప్పుడు ‘నువ్వు’ వంటి ‘దౌ’ అనే మాట ఉండేది కాని, 17వ శతాబ్దం గడిచేసరికి అది సాధారణ వాడుకలోంచి దాదాపు తప్పుకుని, చిన్నాపెద్దా అందరికీ ‘యూ’ ఒక్కటే మిగిలింది. అందువల్ల మన ‘మీరు’, ‘అండి’ చేసే పనిని అక్కడ ప్రశ్న అడిగే తీరే చేయాలి. ‘వాట్ డూ యూ వాంట్?’ బదులు ‘హౌ కెన్ ఐ హెల్ప్ యూ?’ అనండి, పేరు కోసం ‘మే ఐ హావ్ యువర్ నేమ్, ప్లీజ్?’ అని అడగండి.

మిగిలిన ప్రశ్నలకు ముందు ‘కుడ్ యూ టెల్ మీ’ చేర్చవచ్చు. మనవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆ మాటలు చేరగానే ప్రశ్న రూపం వాటికే పరిమితమై, తరువాతి భాగం మామూలు వాక్యం వరుసకు వచ్చేస్తుంది కనుక ‘కుడ్ యూ టెల్ మీ వేర్ యూ ఆర్ స్టేయింగ్?’ అనాలి, ‘వేర్ ఆర్ యూ’ అనకూడదు. అలాగే ‘వెన్ డిడ్ ద పెయిన్ స్టార్ట్?’ అన్నది ‘కుడ్ యూ టెల్ మీ వెన్ ద పెయిన్ స్టార్టెడ్?’ అవుతుంది, ‘డిడ్’ పోయి, భూతకాలం క్రియలోకే చేరుతుంది.

జవాబు (మలక్‌పేట నుంచి)

నేను నర్సుగా పనిచేస్తున్నాను. తార్నాక వారు చెప్పినది నిజమే కాని, ప్రతి ప్రశ్నకూ ‘కుడ్ యూ’ తగిలించడం నాకు సమ్మతం కాదు. మన దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి ఇంగ్లిషు సొంత భాష కాదు. నొప్పితో ఉన్న మనిషికి ‘వేర్ డజ్ ఇట్ హర్ట్?’ అన్న పొట్టి ప్రశ్నే మేలు, మర్యాదను గొంతులో చూపిస్తే చాలు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ‘యూ డోంట్ హావ్ ఎనీ అలర్జీ?’ అని ఎన్నడూ అడగకండి. అలర్జీ లేనివారు మన అలవాటు ప్రకారం ‘అవును, లేదు’ అనే అర్థంలో ‘యెస్’ అనవచ్చు. ఇంగ్లిషు పద్ధతిలో మాత్రం లేనప్పుడు ‘నో’ అనే చెప్పాలి. ఒక్క ‘యెస్’ వింటే అలర్జీ ఉన్నట్టో లేనట్టో తేలదు, మందుల విషయంలో ఆ అయోమయం ప్రమాదకరం. ‘ఆర్ యూ అలర్జిక్ టు ఎనీ మెడిసిన్స్?’ అని అడిగి, ‘యెస్’ అంటే వెంటనే ‘విచ్ వన్స్?’ అని అడగండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు ‘కుడ్ యూ టెల్ మీ’ ఎలా కలపాలి?

జవాబు (తార్నాక నుంచి)

మధ్యలో ‘ఇఫ్’ చేర్చండి: ‘కుడ్ యూ టెల్ మీ ఇఫ్ యూ హావ్ ఎ రిఫరల్ లెటర్?’ అయితే ‘డూ యూ హావ్ ఎ రిఫరల్ లెటర్?’ అన్నా అందులో అమర్యాద ఏమీ లేదు. రద్దీ వేళల్లో అదే వాడండి.